హంతకుడి నోట అమ్మ మాట

"ఆ మాట వాళ్ళకి ఎవరు చెప్పారు వదినా?"

మరిది గుమ్మంలోనే నిలబడి అడిగాడు. చెప్పులు కూడా విడవలేదు. రోజూ ఈ వేళకి బడి బస్సులో పిల్లల్ని ఎక్కించుకుంటూ ఉండాల్సినవాడు ఒట్టి చేతులతో వచ్చాడు.

కోడలు పాపకి జడ వేస్తోంది. ఒక పాయ వేలికి చుట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ముందు లోపలికి రా. వీధిలోకి వినపడుతుంది," అన్నాడు పెద్దకొడుకు. కళ్ళజోళ్ళ దుకాణానికి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"వీధికి కొత్తగా వినాల్సింది ఏముంది అన్నయ్యా? బస్సు తాళాలు తీసేసుకున్నారు. పిల్లల తల్లిదండ్రులు వచ్చి గొడవ చేశారట. కొన్నాళ్ళు షెడ్డులో టైర్లు చూసుకో అన్నాడు మేనేజరు. నేనేం చేశాను సార్ అంటే, నువ్వేం చేయలేదయ్యా, బుధవారం సీరియల్ చూశావుగా అన్నాడు."

వెనకగదిలో టకటకమంటున్న కుట్టుమిషను ఆగింది. అందరూ అటు చూశారు. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

అత్తగారు బుధవారం నుంచి ఎవరితోనూ మాట్లాడడం లేదు. వండుతోంది, వడ్డిస్తోంది, మిషను ముందు కూర్చుంటోంది. పిలిస్తే తల తిప్పి చూస్తోంది, అంతే.

ఆ పూట సీరియల్ చూడడానికి చుట్టుపక్కలవాళ్ళని పిలిచి కూర్చోబెట్టింది ఆవిడే. మా కోడలు మాటలు రాస్తుంది, ఈ వారం హంతకుడెవరో తేలిపోతుంది అని ఒక్కొక్క గుమ్మం ఎక్కి చెప్పి వచ్చింది. తేలింది. హంతకుడు అత్తగారి మతంవాడు. నిద్రపోతున్న ముసలాయన తల మీద చెయ్యి వేసి, మెల్లగా ఓ ప్రార్థన చెప్పి, దిండు తీసి మొహం మీద అదిమాడు.

నా చేతిలోంచి నీ చేతిలోకి. చీకటంతా నీ దగ్గరే ఉంచుకో.

వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయారు. మర్నాటికి వీధిలో పిల్లలకి అదో ఆట అయింది. ఒకడు ఇంకొకడి నెత్తిన చెయ్యి పెట్టి ఆ మాట అంటే, రెండోవాడు నాలుక బయటపెట్టి పడిపోవాలి. అత్తగారికి కుట్టడానికి బట్టలిచ్చినవాళ్ళు వచ్చి, తొందరేం లేదులెండి, తర్వాత ఇస్తాం అంటూ కుట్టకముందే పట్టుకుపోతున్నారు.

"అది మన మందిరంలో చెప్పేది కాదు," అన్నాడు మరిది. గొంతు తగ్గించడానికి ప్రయత్నించాడు గానీ తగ్గలేదు. "పుస్తకంలో వెతికినా ఉండదు. అమ్మమ్మ అమ్మకి చెప్పింది, అమ్మ మాకు చెప్పింది. పడుకున్న పిల్లల తల మీద చెయ్యి వేసి, రాత్రికి దేవుడికి అప్పజెబుతూ చెప్పే మాట. ఈ గోడలు దాటని మాట వాడి నోటికెలా వచ్చింది?"

"నేనే రాశాను," అంది కోడలు.

తెలిసిన సంగతే. అయినా ఆ మాట బయటికి వచ్చేసరికి మరిది గోడకి చేరగిలబడ్డాడు.

"వాడికి రాయలేదు. వాడి తల్లికి రాశాను. పోలీసులు తీసుకెళ్ళేటప్పుడు ఆవిడ వాడి తల మీద చెయ్యి వేసి చెప్పాలి. పూర్తిగా చెప్పాలి. చివర 'తెల్లారగానే నాకిచ్చెయ్' అని కూడా ఉంది నేను రాసినదాంట్లో. తెర మీద చూసేదాకా నాకూ తెలియదు."

"అంటే సగం కోసి వాడి నోట్లో పెట్టారు."

"అవును."

"కోయడానికి ఇచ్చింది నువ్వు."

కోడలు పాయ మీద పాయ వేసింది.

"ఒరేయ్, తను కావాలని చేసిందంటావా?" అన్నాడు పెద్దకొడుకు. "మనవాళ్ళ గురించి కాస్త మంచిగా రాద్దామనే కదా."

"మంచిగా రాయడానికి ముందు మనవాడు ఒకణ్ణి చంపాలా అన్నయ్యా? నాకు తెలియక అడుగుతున్నా. ఆ సీరియల్లో మనవాళ్ళు ఇంతకుముందు ఎప్పుడైనా కనిపించారా? కూరగాయలు కొంటూ గానీ, దగ్గుతూ గానీ?" అన్నాడు మరిది. "సరే, అది వదిలెయ్. నీ దుకాణం బోర్డు ఏమైంది?"

పెద్దకొడుకు వేళ్ళు గుండీ దగ్గర ఆగాయి.

"రంగు వెలిసింది. పెయింటరుకి ఇచ్చాను."

"నాన్న పేరున్న బోర్డు. మొన్ననే కదా కొత్తగా రాయించావు."

మిషను మళ్ళీ ఆగింది. ఈసారి మొదలు కాలేదు.

"అమ్మా, లాగకు. నొప్పెడుతోంది," అంది పాప.

*

సీరియల్ ఆఫీసు పాత మేడ మీద మూడు గదులు. ఏసీ నుంచి కారే నీళ్ళకి కింద ఓ ప్లాస్టిక్ బక్కెట్టు పెట్టి ఉంటుంది. కోడలు వెళ్ళేసరికి నిర్మాత, దర్శకుడు బల్లకి చెరోపక్కా కూర్చుని మిఠాయి తింటున్నారు. దర్శకుడు ఎడిటింగ్ నుంచి పైకొచ్చినవాడు. యూనిట్లో ఆయన్ని అందరూ కత్తెర మాస్టారు అంటారు, ఆయన ముందే అంటారు.

"రండి, మీ గురించే అనుకుంటున్నాం," అన్నాడు కత్తెర మాస్టారు. "రేటింగు చూశారా? ఆ రెండు వాక్యాలు లేకపోతే సీనే లేదండీ. మా ఆవిడ లైటు ఆర్పనివ్వడం లేదు, నమ్మండి. ఎక్కడ పట్టారు?"

"మా అత్తగారి దగ్గర."

నిర్మాత మిఠాయి పెట్టె మూత పెట్టేశాడు.

"పాప పుట్టిన రోజు ఆవిడ నా తల మీద చెయ్యి వేసి చెప్పింది," అంది కోడలు. "నేను తెల్లారేదాకా బతుకుతానో లేదో తెలియని రోజు. అలాంటి మాటని తీసుకెళ్ళి దిండు పక్కన పెట్టారు."

"మీరు అలా చెబితే..." కత్తెర మాస్టారు కుర్చీలో సర్దుకున్నాడు. "తల్లి సీను తీశామండీ. ఆ నటి బాగా చేసింది కూడా. నిడివి ఎక్కువైపోయింది. హంతకుడు దొరికాక ఏడుపులు ఎవరు చూస్తారు? కానీ మాటలు పారెయ్యబుద్ధి కాలేదు."

"నన్నొకసారి అడగాల్సింది."

"రాసిచ్చాక అది సీరియల్‌ది కదా మేడమ్."

ఆ మాటకి ఎదురు చెప్పే అర్హత తనకి ఉందో లేదో కోడలికి తోచలేదు.

నిర్మాత అరిచే మనిషి కాదు. ఎప్పుడూ నిద్ర చాలనివాడిలా మెల్లగా మాట్లాడతాడు. "ఇందులో ఎవరిమీదా పగ లేదు తల్లీ," అన్నాడు. "మొదట హంతకుడు ఎవరు? మిల్లు యజమాని. వాళ్ళ సంఘంవాళ్ళు వచ్చి మన గేటు ముందు బైఠాయించారు. సరేనని డాక్టరు అనుకున్నాం. డాక్టర్లు నోటీసు పంపారు. పోనీ ఓ నాయకుడు అందామంటే ఎన్నికల ముందు వద్దన్నారు ఛానెలువాళ్ళు. ఎవరిని పెడితే గేటు దగ్గరికి ఎవరూ రారు అని చూస్తే, వీళ్ళు మిగిలారు. నాకు నిజంగా వేరే ఉద్దేశం లేదు. మా ఇంట్లో బట్టలు కుట్టేది కూడా వాళ్ళలో ఒకావిడే."

"మంచివాణ్ణి కూడా పెట్టాం కదండీ వాళ్ళలో," అన్నాడు కత్తెర మాస్టారు. "ఆ కానిస్టేబులు."

"ఆ కానిస్టేబులు మంచివాడని జనం నమ్మడానికి సొంత మేనమామని పట్టివ్వాల్సి వచ్చింది. మీ ఇన్‌స్పెక్టరు మంచివాడని చూపించడానికి ఎవర్ని పట్టిచ్చాడు?"

కత్తెర మాస్టారు నిర్మాత వైపు చూశాడు. నిర్మాత గ్లాసులో నీళ్ళు పోసుకున్నాడు.

"వచ్చే వారం సంగతి మాట్లాడుకుందాం," అన్నాడు. "హంతకుడు దాచిన ఆయుధాలు వాళ్ళ మందిరంలో దొరకాలి."

"కథలో వాడు గోదాములో కదా దాచింది?"

"ఛానెలువాళ్ళు మందిరంలో అంటున్నారు."

"ఎందుకు?"

నిర్మాత నీళ్ళు మొత్తం తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఎందుకో నేను అడగలేదు. మీరూ అడక్కండి."

"నేను రాయను."

"మీ ఇష్టం. ఇంకొకాయన సిద్ధంగా ఉన్నాడు, సాయంత్రానికి రాసిస్తాడు. మీకు నచ్చజెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నా. మీరు రాస్తే ఆ మందిరంలో ఒక్కడైనా మనిషిలా మాట్లాడతాడు. ఆయన రాస్తే అదీ ఉండదు. రేపు పొద్దున్నకల్లా చెప్పండి."

మెట్లు దిగుతుంటే కింద గేటు కాపలావాడు లేచి నమస్కారం పెట్టాడు. "అమ్మా, ఈ వారం అదరగొట్టారు," అన్నాడు. కోడలు అతనికి తలూపి బయటపడింది. ఎందుకు తలూపిందో ఆమెకే తెలియలేదు.

*

సాయంత్రం ఇంట్లో ఎవరి కంచం ముందు వాళ్ళు కూర్చున్నారు. మరిది కూడా ఉన్నాడు. తన ఇంటికి వెళితే భార్యకి బస్సు సంగతి చెప్పాలి కాబట్టి అన్న ఇంట్లోనే ఆగిపోయాడు. పాప ఒక్కతే బడి కబుర్లు చెబుతోంది. ఆటల పీరియడులో తనని ఎవరూ జట్టులో వేసుకోలేదని కూడా అదే గొంతుతో చెప్పింది.

తిన్నాక అత్తగారు పాపని పడుకోబెట్టడానికి లోపలికి వెళ్ళింది. పుట్టినప్పటి నుంచీ అది ఆవిడ పనే. దుప్పటి కప్పి, కాళ్ళ దగ్గర దోపి, తల మీదికి చెయ్యి తీసుకెళ్ళింది.

పాప దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

"నానమ్మా, అది చెప్పకు."

గదిబయట గిన్నెలు సర్దుతున్న కోడలికి వినపడింది. పెద్దకొడుకు కూడా తలెత్తాడు. అత్తగారి చెయ్యి గాల్లోనే ఉంది.

"చెప్పనులే," అంది. బుధవారం తర్వాత ఆ ఇంట్లో ఆవిడ గొంతు వినిపించడం అదే మొదలు. "పడుకో."

"లైటు ఉంచు."

"ఉంచుతాలే."

ఆవిడ బయటికి వచ్చి తిన్నగా మిషను ముందు కూర్చుంది. కుట్టడానికి ఏమీ లేదు. సూదిలోంచి దారం తీసి మళ్ళీ ఎక్కించింది. కోడలు వెళ్ళి కింద కూర్చుంది.

"అత్తయ్యా."

"ఎలా రాశావు?"

"ఏంటి?"

"ఆ తల్లిని. నువ్వెలా రాశావో చెప్పు."

కోడలు చెప్పింది. ఇరుకు వంటగది. పోలీసులు బూట్లతో లోపలికి వస్తారు. తల్లి అడ్డుపడదు, ఏడవదు. వాడు అన్నం మధ్యలో లేచాడని చెయ్యి కడుక్కోనివ్వమంటుంది. తడిచెయ్యి తన కొంగుతో తుడుస్తుంది. ఆ తర్వాత తల మీద చెయ్యి వేసి చెబుతుంది. చివరి మాట అనేటప్పటికి వాడు గుమ్మం దాటేస్తాడు, ఆవిడ ఖాళీ గుమ్మానికి చెబుతుంది, తెల్లారగానే నాకిచ్చెయ్ అని.

అత్తగారు సూదిలోంచి దారం మళ్ళీ తీసింది.

"బాగా రాశావు," అంది చివరికి. "చెయ్యి తుడవడం బాగుంది."

కోడలికి కళ్ళనీళ్ళు తిరిగాయి. క్షమించేసిందనుకుంది.

"నన్నడగలేదే?"

"అడగాల్సింది అత్తయ్యా. తప్పే."

"అడిగితే ఇచ్చేదాన్ని కాదు. అది నీకు తెలుసు. తెలుసు కాబట్టే అడగలేదు."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని కోడలికి అనిపించింది.

"నేను మానేస్తున్నాను," అంది. "రేపు పొద్దున్నే చెప్పేస్తాను. ఆ మందిరం సీను నేను రాయను."

"ఏ మందిరం సీను?" మరిది ముందుగదిలోంచి లేచి వచ్చాడు.

చెప్పక తప్పలేదు. మరిది విన్నాడు. నవ్వాడు, ఏ సంతోషమూ లేని నవ్వు.

"షెడ్డులో టైర్లు కూడా ఎక్కువే అంటారు ఇక నాకు," అన్నాడు. "మానేసి మంచిపని చేస్తున్నావు వదినా. ఆ మెట్లు మళ్ళీ ఎక్కితే మాత్రం నేను ఈ గుమ్మం తొక్కను."

"మానడానికి వీల్లేదు," అంది అత్తగారు.

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"అమ్మా, నీకు మతి పోయిందా?"

"మానేస్తే తనకి హాయి. ఇంట్లో కూర్చుని నేను రాయలేదు అనుకోవచ్చు. మన మందిరానికి ఏం ఒరుగుతుంది? ఇవాళ ఆ గదిలో మన గురించి కనీసం ఒకరైనా కాదన్నారు. రేపు అదీ ఉండదు." కోడలి వైపు చూసింది. "వెళ్ళు. వెళ్ళి పోట్లాడు. పనికొచ్చినా పనికి రాకపోయినా."

"వదిన పోట్లాడే కదా ఇంతవరకూ తెచ్చింది," అన్నాడు మరిది.

పెద్దకొడుకు గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటున్నాడు. తల్లి చూపు అతని మీద పడింది. బోర్డు గురించి అడుగుతుందని అతను ఎదురుచూశాడు. ఆవిడ అడగలేదు. చూపు తిప్పేసుకుంది.

అదే అతనికి ఎక్కువ తగిలింది. చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు.

*

తెల్లారి కోడలు లేచేసరికి వెనకగదిలో మిషను లేదు. కాళ్ళు ఆనిన చోట నాలుగు గుండ్రటి మచ్చలు మాత్రం నేలమీద ఉన్నాయి. కిటికీలోంచి కిందికి చూస్తే మరిది, స్నేహితుడి సరుకుల బండిలోకి దాన్ని ఎక్కిస్తూ కనిపించాడు. అత్తగారు సంచీ సర్దుకుంటోంది. పాప పక్కనే కూర్చుని దారపుండలు ఒక్కొక్కటే అందిస్తోంది.

"అత్తయ్యా, ఏంటిది?"

"చిన్నాడి దగ్గర కొన్నాళ్ళు ఉంటాను."

"వెళ్ళి పోట్లాడమన్నారు. వెళతాను. ఇంకా కోపమేనా నామీద?"

"కోపం కాదు తల్లీ." అత్తగారు సంచీ జిప్పు లాగింది, సగంలో పట్టేసింది, మళ్ళీ వెనక్కి లాగి సరిచేసింది. "నువ్వు రాయాలి. నేను కాదనను. కానీ నువ్వు పక్కగదిలో రాస్తూ ఉంటే నాకు నోరు తెరవాలంటే భయంగా ఉంది. పొద్దున్న పాలు పొంగుతుంటే ఏదో అనబోయాను. మా అమ్మ అనేది, అలవాటుగా వచ్చేస్తుంది. వెంటనే నోరు మూసుకున్నాను. ఎవరైనా వింటున్నారేమో అని చూశాను. మన ఇంట్లో, మన వంటగదిలో."

కోడలు సంచీ పట్టీ పట్టుకుంది.

"నేనిక మీ మాటలు రాయనత్తయ్యా. ఒక్కటి కూడా."

"రాయకూడదని నువ్వు అనుకుంటావు. నిజంగానే అనుకుంటావు." సంచీ భుజానికి తగిలించుకుంది. "కానీ చెవులు మూసుకోలేవుగా. నీ పనే వినడం."

పెద్దకొడుకు సంచీ అందుకోబోయాడు. ఆవిడ ఇవ్వలేదు. "దుకాణానికి ఆలస్యం అవుతుంది, వెళ్ళు," అంది. పాప చెయ్యి పట్టుకుని మెట్ల వైపు నడిచింది. బండిదాకా సాగనంపి వస్తానని పాప ముందే ఒప్పించుకుంది.

ఫోను మోగింది. నిర్మాత.

"మీకు శుభవార్త," అన్నాడు. గొంతులో మొదటిసారి కాస్త ఉత్సాహం ఉంది. "పొద్దున్నే ఛానెలువాళ్ళతో మాట్లాడాను. మీరన్నది చెప్పాను. తల్లి సీను పెట్టొచ్చన్నారు, పూర్తిగా. మందిరం ఉంటుంది, అది తప్పదు. కానీ అందులోకి తల్లి వస్తుంది, కొడుకు తరఫున అందర్నీ క్షమించమంటుంది. ఆవిడ నోట ప్రార్థన కూడా ఉంటుంది. మీకు సంతోషమేనా?"

"ఆ ప్రార్థన చివరి మాట ఉంచుతారా?"

"అదే చెప్పబోతున్నా. పాతది వద్దండీ. అది వినగానే జనానికి దిండు గుర్తొస్తుంది, తల్లి మీద జాలి పుట్టదు. కొత్తది కావాలి. అలాంటిదే." ఒక్క క్షణం ఆగాడు. "మీ ఇంట్లో ఇంకోటి ఏమైనా ఉందా?"

కోడలు ఫోను చెవిన పెట్టుకునే గుమ్మం దాటి మెట్ల దగ్గరికి వచ్చింది.

కింద మలుపులో అత్తగారు ఆగి ఉంది. సంచీ మెట్టు మీద పెట్టి, ముందుకు వంగి పాప చెవిలో ఏదో చెబుతోంది. పాప మొహం అటు తిప్పుకోలేదు. కదలకుండా, నోరు కొద్దిగా తెరుచుకుని వింటోంది.

కోడలు ఒక మెట్టు దిగింది.

ఆ చప్పుడికి అత్తగారు తల పైకెత్తింది. కోడల్నీ, ఆమె చెవి దగ్గరున్న ఫోన్నీ చూసింది. చెబుతున్న మాట మధ్యలోనే ఆపేసింది.

"ఉందా మేడమ్?" అన్నాడు నిర్మాత.